కట్టు విప్పని మూటకి ఒక చీటీ

గుమ్మలపేట గురువారం సంతలో ఆశీలు చీటీలు చింపే తవిటయ్య చాలా మంచివాడు, కానీ మొహమాటం ఎక్కువై పెద్దవాళ్ల ముందు నోరు తెరవలేకపోయేవాడు.

ఆశీలు అంటే సంతలో అమ్ముకునేవాళ్లు పంచాయితీకి కట్టే డబ్బు. సరుకు తెచ్చి సంత నేల మీద దించితే గంపకి అయిదు రూపాయలు, మూటకి అయిదు రూపాయలు. ఆ డబ్బుతోనే పంచాయితీ సంత ఊడ్పించేది. బోరు మోటారు వేయించి నీళ్ల తొట్టి నింపించేది. ఎండాకాలం వస్తే తాటాకు పందిళ్లు వేయించేది.

ఆ సంతలో ఇంకో పద్ధతి కూడా ఉండేది. ఎవరి మూటా కట్టు విప్పి చూసేవాళ్లు కాదు. అందుకని కట్టి ఉన్న మూట ఎంతున్నా ఒకటే లెక్క. చింతపండు బస్తా తెచ్చినామె అయిదు రూపాయలు కట్టేది. ఇంగువ అమ్మే ముసలాయన గుప్పెడంత మూట తెచ్చి, ఆయనా అయిదే కట్టేవాడు. ఇదేం పద్ధతి అని ఎవరూ అడగలేదు. అందరికీ ఒకటే కదా.

గంపల వాళ్ల దగ్గర తవిటయ్య బాగానే వసూలు చేసేవాడు. "చిల్లర లేదు, మళ్లీ రా" అన్నా వదిలేవాడు కాదు. తెల్లచొక్కా వేసుకుని మోటారు సైకిలు దిగిన మనిషి కనపడితే మాత్రం చీటీల పుస్తకం మెల్లగా జేబులోకి జారిపోయేది. "బాగున్నారా బాబూ" అని ఒక నవ్వు నవ్వి పక్కకి తప్పుకునేవాడు.

ఇలా ఉండగా ఊళ్లలోకి ఫోన్లు వచ్చాయి. ఫోన్లలోకి అంగళ్లు వచ్చాయి. గుమ్మలపేట పైన కొండ మీద పన్నెండు చిన్న ఊళ్లున్నాయి. ఆ ఇళ్లకి నెంబర్లు లేవు. వ్యాను ఎక్కే దారి కూడా లేదు. కానీ ఆర్డరు పెడితే ఫోను చిరునామా అడుగుతుంది. ఒకాయన కాసేపు బుర్ర గోక్కుని, "చీటీల తవిటయ్య, గురువారం సంత, గుమ్మలపేట" అని కొట్టించాడు. గురువారం నాటికి చెప్పుల జత చక్కగా వచ్చేసింది. అది చూసి పక్కింటాయన కూడా అలాగే కొట్టించాడు. ఆరు నెలలు తిరిగేసరికి పన్నెండు ఊళ్ల వాళ్లకీ అదే చిరునామా అయిపోయింది. చీరలు తవిటయ్యకే వచ్చేవి. చెప్పులూ తవిటయ్యకే వచ్చేవి. పెళ్లికూతురి గాజులూ, చంటిపిల్లల బొమ్మలూ అన్నీ తవిటయ్య పేరు మీదే దిగేవి.

"నా పేరు రాయొద్దని చెప్పొచ్చు కదా" అని ఎవరో అన్నారు.

"ఎలా చెప్తాను, పాపం అందరూ అడిగారు" అన్నాడు తవిటయ్య. నిజానికి అతన్ని ఎవరూ అడగలేదు.

ప్రతి గురువారం పార్సిళ్ల వ్యాను సంతలోకి వచ్చేది. నీడ చూసుకుని ఆగేది. కింద పట్టా పరిచి పార్సిళ్లన్నీ దించేవాళ్లు. కాగితం మీద పేరున్న మనిషి సంతకం పెడితే గానీ పార్సిలు ఇవ్వకూడదని వాళ్ల రూలు. అందుకని తవిటయ్య పొద్దున్నించీ సంతకాలు పెట్టేవాడు. జనం వరసలో నిలబడి, డబ్బులిచ్చి, ఎవరి సరుకు వాళ్లు పట్టుకెళ్లేవాళ్లు. ఆ వ్యానుకి మాత్రం ఒక్క చీటీ కూడా చిరిగేది కాదు.

మెల్లగా సంతలో బట్టల మూటల వాళ్లు రావడం మానేశారు. గాజుల వాళ్లు తగ్గిపోయారు. ఆశీలు డబ్బు సగానికి సగం పడిపోయింది. అంతలో బోరు మోటారు కాలిపోయింది. తొట్టి ఎండిపోయి, అందులో ఎవరో మేకపిల్లని కట్టేశారు.

ఒకరోజు సర్పంచి అప్పలనర్సమ్మ తవిటయ్యని పిలిచింది.

"తవిటయ్యా, మోటారు బాగుచెయ్యడానికి తొమ్మిది వేలంట. పంచాయితీలో అంత లేదు. నీళ్లు లేని సంతకి మనుషులు రారు. పక్క మండలం వాళ్లు సంతని మాకిచ్చెయ్యండని రెండుసార్లు కబురు పెట్టారు. ఇంకా మూడు గురువారాలు చూస్తాను. సంత తన నీళ్ల ఖర్చు తను తెచ్చుకోలేకపోతే ఇచ్చెయ్యక తప్పదు" అంది.

"ఇచ్చేస్తే మన గంపల వాళ్లు ఏమయిపోతారమ్మా?"

"ఏమవుతారు. ముప్పై కిలోమీటర్లు ఆటోకి డబ్బులు పెట్టుకుని వెళ్లి గంపెడు వంకాయలు అమ్ముకుంటారా? మానేసి ఇంట్లో కూచుంటారు. నీ చీటీల పనీ పోతుంది." ఆమె అతని మొహంలోకి చూసింది. "ఆ వ్యానుకి చీటీ రాస్తున్నావా?"

తవిటయ్య నీళ్లు నమిలాడు. "వాళ్లు బిల్లులోనే పన్ను కట్టేశామంటున్నారమ్మా."

"కట్టే ఉంటారు. ఆ పన్ను పెద్ద సర్కార్లకి పోతుంది. అది వేరు. మన నేల మీద సరుకు దించినందుకు మన ఊరికి కట్టేది వేరు. నూనె డబ్బాలు తెచ్చే షావుకారు కూడా బిల్లులో పన్ను కడుతున్నాడు. అయినా మన దగ్గర చీటీ తీసుకుంటున్నాడు కదా?"

"తీసుకుంటున్నాడమ్మా. అదేదో మీరే ఒకమాటు వాళ్లకి చెబితే..."

"నేనడిగితే సర్పంచి అడిగింది అనుకుంటారు. నువ్వడిగితే సంత అడిగింది అనుకుంటారు. వెళ్లి అడుగు."

మొదటి గురువారం వచ్చింది. తవిటయ్య చీటీల పుస్తకం చేత్తో పట్టుకుని వ్యాను దగ్గరకి బయలుదేరాడు. ఆ రోజు వ్యాను వెనక ఒక కారు కూడా వచ్చింది. అందులోంచి పార్సిళ్ల కంపెనీ మేనేజరు శశిభూషణ్ దిగాడు. ఇస్త్రీ నలగని మనిషి. అతన్ని చూడగానే తవిటయ్య నడక సగం అయిపోయింది.

"మీరేనా తవిటయ్య గారు?" అని శశిభూషణ్ ఎదురొచ్చి చెయ్యి పట్టుకున్నాడు. "మిమ్మల్ని చూద్దామనే వచ్చాను. మా కంప్యూటర్లో చూస్తే జిల్లా మొత్తం మీద మీ అంత కొనే మనిషి లేడు. పోయిన నెల మీరు నూట పది చీరలు కొన్నారు."

వరసలో ఉన్నవాళ్లు నవ్వారు. తవిటయ్య కూడా నవ్వాడు. శశిభూషణ్ అతన్ని కుర్చీలో కూచోబెట్టాడు. కూల్ డ్రింకు తాగించాడు. వెళ్తూ వెళ్తూ కంపెనీ బొమ్మ ఉన్న పెద్ద గొడుగు ఒకటి చేతిలో పెట్టాడు. ఒక చేతిలో చీటీల పుస్తకం, ఒక చేతిలో గొడుగు. అయిదు రూపాయల మాట తవిటయ్య గొంతు దాకా వచ్చి అక్కడే కూచుండిపోయింది. ఆ రోజంతా అతను గొడుగు కింద నిలబడి సంతకాలు పెట్టాడు.

సాయంత్రం ఎండుచేపల పోలమ్మ గంపలు సర్దుకుంటూ అతన్ని కేకేసింది. ఆమె ముప్పై ఏళ్ల నుంచి ఆ సంతలో అమ్ముతోంది.

"ఏటి తవిటయ్యా, గొడుగు బాగుంది."

"మేనేజరు బాబు ఇచ్చాడప్పా."

"ఇస్తాడు మరి. నా రెండు గంపలకీ పొద్దున్న బోణీ అవకముందే పది రూపాయలు తీసీసుకున్నావు. ఆ బాబు రెండొందల మూటలు దించీసినాడు. ఒక్క చీటీ సింపలేదు. నన్నడగడానికి లేని సిగ్గు ఆ బాబునడగడానికి ఎక్కడ్నించి వచ్చీసింది?"

"సిగ్గు కాదప్పా, మొహమాటం."

"నీ మొహమాటం నీ ఇంట్లో బియ్యం దగ్గర పెట్టుకో. ఈ డబ్బు నీదా? ఊరిది. ఊరి డబ్బు మీద నీకు మొహమాటం ఏటి?" పోలమ్మ గంప నెత్తిన పెట్టుకుంది. "ఆ బాబు కట్టిందాకా నానూ కట్టను. నన్ను గెంటీ మరి. నన్నయితే గెంటగలవు కదా, నానేటి కార్లో వచ్చినానా?"

ఆ మాట తవిటయ్యకి గుచ్చుకుంది. ఇంటికెళ్లి అన్నం ముందు కూచున్నాడు. నిజమే కదా అనుకున్నాడు. గంపలో ఎండుచేపలు తెచ్చే ముసలిదాన్ని గట్టిగా అడుగుతున్నాను. కారులో వచ్చినవాణ్ణి చూసి నవ్వి ఊరుకుంటున్నాను. దీన్ని నేను మంచితనం అనుకుంటున్నాను.

మర్నాడు పొద్దున్న గొడుగుని గోడ మేకుకి తగిలించి దాని ముందు నిలబడ్డాడు. "సార్, మూటకి అయిదు రూపాయలు సార్" అన్నాడు. గొంతు పెగల్లేదు. మళ్లీ అన్నాడు. అతని భార్య వాకిట్లోంచి తొంగి చూసి, "గొడుగుతో మాటలేంటి, మనిషికి మతి పోయిందా" అని వెళ్లిపోయింది. అయినా అతను మానలేదు. ఆరు రోజుల పాటు గొడుగుని అడిగాడు. ఆరో రోజుకి గొంతు కాస్త పైకి వచ్చింది.

రెండో గురువారం శశిభూషణ్ మళ్లీ వచ్చాడు. ఈసారి కుర్చీ ముందే వేయించి ఉంచాడు. తవిటయ్య కూచోలేదు.

"ముందు ఈ గొడుగు తీసుకోండి బాబూ" అన్నాడు.

"అదేంటి, నచ్చలేదా?"

"నచ్చింది బాబూ. అందుకే ఇచ్చేస్తున్నాను." తవిటయ్య చీటీల పుస్తకం తెరిచాడు. "మూటకి అయిదు రూపాయలు బాబూ. ఇవాళ మీవి ఎన్ని దిగాయో అన్నిటికీ చీటీలు రాయాలి."

శశిభూషణ్ నవ్వాడు. "ఇవి మూటలు కావయ్యా, పార్సిళ్లు."

"కట్టు విప్పనిది ఏదైనా మా సంతలో మూటే బాబూ. ఇంగువ తాతది మీ పార్సిలు కంటే చిన్నది."

"సరే, కానీ మేమిక్కడ అమ్మట్లేదు. అమ్మకం ఎప్పుడో బెంగళూరులో అయిపోయింది. మేం తెచ్చి ఇస్తున్నాం, అంతే."

"మరి డబ్బులు ఎక్కడ తీసుకుంటున్నారు బాబూ?"

వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. శశిభూషణ్ మొహం ఎర్రబడింది. డ్రైవరు మస్తాన్ వైపు తిరిగి, "బండి బయటికి తియ్యి. కల్వర్టు అవతల రోడ్డు పక్కన ఆపు. అక్కడ వీళ్ల సంత లేదుగా" అన్నాడు.

వ్యాను వెళ్లింది. దాని వెనకే జనం అంతా రోడ్డు మీదకి పరిగెత్తారు. సంతలో తవిటయ్య ఒక్కడూ చీటీల పుస్తకంతో నిలబడిపోయాడు. అడగక అడగక అడిగితే ఇలా అయిందేంటి అనుకున్నాడు.

కాసేపటికి మస్తాన్ తిరిగొచ్చాడు. పాపం అతనికీ ఇబ్బందిగానే ఉంది.

"అన్నా, నువ్వు రావాలి. అన్నిటి మీదా పేరు నీదే. నీ సంతకం లేకుండా నేను ఒక్కటీ ఇవ్వకూడదు" అన్నాడు.

తవిటయ్య వెళ్లాడు. రోడ్డు పక్క గోతి అంచున పార్సిళ్ల గుట్ట ఉంది. చుట్టూ జనం ఉన్నారు. శశిభూషణ్ పెన్ను అందించాడు. తవిటయ్య పెన్ను తీసుకోలేదు. వంగి ఒక పార్సిలు ఎత్తి దాని మీది కాగితం కూడబలుక్కుని చదివాడు. ఇంకోటి ఎత్తాడు. అదీ చదివాడు.

"ఇవన్నీ ఎవరివి బాబూ?"

"నీ పేరే ఉంది కదయ్యా. నీవే."

"నావైతే నాకక్కర్లేదు. వెనక్కి పట్టుకెళ్లండి."

తవిటయ్య పుట్టి బుద్ధెరిగాక ఒక పెద్దమనిషికి కాదని చెప్పడం అదే మొదలు. చెప్పాక తనే ఆశ్చర్యపోయాడు. ఆకాశం ఊడిపడలేదు.

అప్పుడు గోల మొదలైంది. కొండ మీద నుంచి వచ్చిన సన్నాసి అనే పెద్దాయన ముందుకొచ్చాడు. "తవిటయ్యా, అందులో మా కోడలి చీర ఉంది. ఎల్లుండి సీమంతం. సంతకం పెట్టు నాయనా" అన్నాడు.

"చీర నీది మావా, పేరు నాది. నా పేరు కింద ఏం రాసుందో చూడు. గురువారం సంత అని ఉంది. ఈ గోతి పక్కన నేనుంటానని ఎవరూ రాయలేదు. బండిని సంతలోకి రమ్మను. అందరిలాగే చీటీ కట్టమను. అప్పుడు చెయ్యి నొప్పెట్టేదాకా సంతకాలు పెడతాను."

"అయిదు రూపాయలకా ఇంత రభస? నా చీరకి నేనిచ్చేస్తాను, ఇదిగో."

"నీ దగ్గర తీసుకోను మావా. సరుకు దించినవాడే కట్టాలి. పోలమ్మప్ప గంప డబ్బులు చేపలు కొన్నవాళ్లని అడుగుతున్నానా?"

సన్నాసి పోలమ్మ వైపు చూశాడు. ఆమె జనం వెనక నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉంది.

"నన్నెందుకు సూస్తావు? నా మిక్సీ కూడా ఉంది అందులో" అంది పోలమ్మ. సంతలో ఎండుచేపలమ్మే పోలమ్మ కూడా ఫోన్లో కొంటోందా అని అందరూ నోళ్లు తెరిచారు. "ఏటి, నాను కొనకూడదా? తవిటయ్య సెప్పింది నిజం. పోతే పోనీ మిక్సీ. ఇన్నాళ్లూ రోట్లో రుబ్బుకుని బతకలేదేటి. బాబూ, బండెక్కించీ మూటలన్నీ."

జనం గొల్లున నవ్వారు. సన్నాసికి కూడా నవ్వొచ్చింది. "సరేలే, మా కోడలు పాత చీరలోనూ బాగుంటుంది" అని గొణిగాడు.

రెండొందల నలభై పార్సిళ్లూ మళ్లీ వ్యాను ఎక్కాయి. "ఇక మీ ఊరికి బండి రాదు, చూసుకోండి" అని శశిభూషణ్ కారు తలుపు ధడాలున వేసుకున్నాడు.

ఆ వారం తవిటయ్యకి నిద్ర సరిగ్గా పట్టలేదు. దారిలో కొందరు మొహం తిప్పుకున్నారు. "నీ వల్ల మా పిల్లాడి బూట్లు పోయాయి" అని ఒకామె మొహం మీదే అంది. సర్పంచి అప్పలనర్సమ్మ ఎదురుపడింది గానీ బాగుందనీ అనలేదు, బాగోలేదనీ అనలేదు. "రేపే కదా మూడో గురువారం" అని మాత్రం అంది.

మూడో గురువారం పొద్దెక్కింది. వ్యాను రాలేదు. అప్పలనర్సమ్మ సంత మధ్య అరుగు మీద వచ్చి కూచుంది. పక్క మండలం నుంచి ఇద్దరు పెద్దమనుషులు కూడా వచ్చి, ఇక సంత మాదే అన్నట్టు అటూ ఇటూ తిరుగుతున్నారు. తవిటయ్య గంపల వాళ్లకి చీటీలు చింపుతున్నాడు గానీ చూపంతా దారి మీదే ఉంది. పోలమ్మ అతన్ని పిలవలేదు. అతనూ ఆమె దగ్గరికి వెళ్లలేదు.

పదకొండు దాటాక కల్వర్టు మీద దుమ్ము లేచింది. వ్యాను వచ్చింది. రోడ్డు పక్కన ఆగుతుందేమో అని అందరూ చూశారు. ఆగలేదు. నేరుగా సంతలోకి వచ్చి నిలబడింది. శశిభూషణ్ దిగాడు. ఈసారి కారు లేదు. మస్తాన్ పక్క సీట్లోనే కూచుని వచ్చాడు.

జరిగిన సంగతి మస్తాన్ తర్వాత చెప్పాడు. పట్నం గోదాములో పార్సిళ్లు గుట్టగా పడిపోయాయంట. అన్నీ తిరిగి పంపాలంటే బోలెడు ఖర్చు. పైవాళ్లు శశిభూషణ్‌కి ఫోను చేసి, "తవిటయ్య అంటే ఎవరు? జిల్లాలో అందరికంటే ఎక్కువ కొనే మనిషి ఒక్కరోజులో అన్నీ ఎందుకు వెనక్కి కొట్టాడు? మనం ఆయనకేం తక్కువ చేశాం?" అని నిలదీశారంట. అయిదు రూపాయలు కట్టలేదని అతను ఏ మొహం పెట్టుకుని చెప్తాడు?

"ఎక్కడ దించమంటావు తవిటయ్యా?" అన్నాడు శశిభూషణ్.

"ఎక్కడైనా దించండి బాబూ. మూటకి అయిదు."

పార్సిళ్లు దిగాయి. పాతవీ కొత్తవీ కలిసి మూడొందల పైనే ఉన్నాయి. తవిటయ్య కింద కూచుని ఒక్కోదానికీ ఒక్కో చీటీ రాయడం మొదలుపెట్టాడు. అతనికి వచ్చిన చదువు తక్కువ. అక్షరం అక్షరం ఆగి ఆగి రాస్తాడు. జనం చుట్టూ మూగి పైకి లెక్కపెట్టారు. ముప్పై ఎనిమిది, ముప్పై తొమ్మిది, నలభై అంటూ సంతంతా పాటలా అందుకుంది. ఎండ నెత్తి మీదకొచ్చింది. శశిభూషణ్ ఇస్త్రీ చొక్కా ఒంటికి అతుక్కుపోయింది.

"ఇలాగైతే పొద్దు గూకుతుంది" అన్నాడు చివరికి. "సర్పంచి గారూ, ప్రతి వారం ఈ రాతకోతలు నావల్ల కాదు. రెండు నెలలకి ఎంతవుతుందో లెక్కగట్టండి. ఒకేసారి కట్టేస్తాను. రసీదు ఇప్పించండి."

అప్పలనర్సమ్మ అరుగు మీంచి లేవలేదు. "నన్నడుగుతారేంటి బాబూ, మా తవిటయ్యని అడగండి" అంది.

శశిభూషణ్ తవిటయ్య వైపు తిరిగాడు. తవిటయ్య లేచి నిలబడి అతని కళ్లలోకి చూశాడు. "మంచిది బాబూ. వారానికి మూడొందల మూటల లెక్కన రెండు నెలలకి పన్నెండు వేలు. ఎక్కువ దిగితే ఆ వారమే కట్టాలి. తక్కువ దిగితే మీ డబ్బు మీకు వెనక్కిస్తాం" అన్నాడు. గొంతు ఎక్కడా తడబడలేదు.

పన్నెండు వేలూ అరుగు మీదకి వచ్చాయి. పక్క మండలం పెద్దమనుషులు టీ కూడా తాగకుండా వెళ్లిపోయారు. పోలమ్మ జనాన్ని తోసుకుంటూ వచ్చి తవిటయ్య చేతిలో ఇరవై రూపాయలు పెట్టింది. "పోయిన వారందీ ఇవాల్టిదీ. ఇప్పుడు నా మిక్సీకి సంతకం పెట్టు, బేరాలు పోతున్నాయి" అంది.

నాలుగు రోజుల్లో మోటారు బాగుపడింది. ఆదివారం పొద్దున్న మీట నొక్కితే గొట్టం కాసేపు దగ్గి, ఎర్రనీళ్లు కక్కి, తర్వాత తెల్లగా తొట్టిలోకి దూకింది. ఊరంతా తొట్టి చుట్టూ చేరింది. ఆడవాళ్లు మొదటి బిందెడు నీళ్లు తవిటయ్య నెత్తిన కుమ్మరించారు. సన్నాసి అతన్ని భుజాల మీదకి ఎత్తుకోబోయి నడుం పట్టేసి దింపేశాడు. తర్వాత నలుగురు కలిసి ఎత్తుకుని సంతంతా తిప్పారు. నీళ్లు వచ్చాయని తెలిసి గాజుల వాళ్లు తిరిగొచ్చారు. బట్టల మూటల వాళ్లూ ఒకరిద్దరు వచ్చి, "ఆ బండికీ మాకూ ఒకటే రేటంట కదా, అయితే మేమూ వస్తాం" అన్నారు. ఆ నెలలోనే ఇంకో కంపెనీ వ్యాను వచ్చింది. దాని డ్రైవరు బండి ఆపీ ఆపగానే, "ఇక్కడ చీటీలు రాసే ఆయన ఎవరు?" అని తనే వెతుక్కుంటూ వచ్చాడు.

పన్నెండు ఊళ్ల వాళ్లు ఇప్పటికీ తవిటయ్య పేరే రాస్తున్నారు. అతను ఇప్పటికీ మెత్తగానే మాట్లాడతాడు. కానీ గంప దిగినా, కారు దిగినా, చీటీల పుస్తకం జేబులోంచి ఒకే వేగంతో బయటికి వస్తుంది.

సొంత సొమ్ము దగ్గర మొహమాటపడితే నష్టం మనకొక్కరికే, కానీ ఊరి సొమ్ము దగ్గర మొహమాటపడితే ఆ భారం లేనివాళ్ల మీద పడుతుంది. కాబట్టి ఊరికి రావలసింది ఉన్నవాడినైనా లేనివాడినైనా ఒకేలా అడగాలి, అందరూ ఒకేలా కట్టాలి.